సరిచూసే చేతులు

1999లో మార్టిన్ ఫౌలర్ ‘రీఫ్యాక్టరింగ్’ అని ఒక పుస్తకం రాశాడు. సాఫ్ట్‌వేర్ చేసే పని మారకుండా దాని లోపలి అమరికను మాత్రం శుభ్రం చేసుకోవటం ఎలా అన్నది ఆ పుస్తకం విషయం. అందులో మూడో అధ్యాయం కోడ్‌లోని ‘చెడువాసనల’ గురించి. కోడ్‌ను ఎప్పుడు శుభ్రం చెయ్యాలో కొలతలు పెట్టి చెప్పలేం, వాసన పట్టాల్సిందేనని దాని సారాంశం. ఆ మాట ఎక్కడ పుట్టిందో కూడా ఫౌలర్ దాచుకోలేదు. తను జ్యూరిక్‌లో మిత్రుడు కెంట్ బెక్‌ను చూడటానికి వెళ్ళాడట. ఆ ఇంట్లో అప్పుడే పుట్టిన ఆడపిల్ల ఉంది. పసిపిల్ల దగ్గర వచ్చే వాసనల మహిమేమో, బెక్ ఈ ఉపమానాన్ని ముందుకు తెచ్చాడని సరదాగా రాశాడు. అధ్యాయం మొదట్లో పిల్లల పెంపకం గురించి బెక్ బామ్మ చెప్పిన మాట అంటూ ఒకటి పెట్టారు కూడా. గుడ్డలు ఎప్పుడు మార్చాలో చెప్పే మాట అది. ఆ బామ్మ సొంత పేరేమిటో అక్కడ లేదు.

ఈ పాతికేళ్ళలో ఆ ‘వాసన’ మీద వందల కొద్దీ పరిశోధనా పత్రాలు వచ్చాయి. పట్టాలు వచ్చాయి, వాసన పట్టే పనిముట్లు వచ్చాయి. పసిపిల్ల ఉన్న ఇంట్లో రోజుకు పదిసార్లు ముక్కుతోనే నిర్ణయాలు తీసుకునే ఆడవాళ్ళకు ఇదంతా నవ్వు తెప్పించవచ్చు. నాకూ నవ్వే వచ్చింది. నవ్వు ఆగాక ఒక ప్రశ్న మిగిలింది. సాఫ్ట్‌వేర్‌లో అందరికంటే ఎక్కువగా వాసన పట్టిపోయిన మూల ఒకటుంది. దాన్ని టెస్ట్ కోడ్ అంటారు. మిగతా ఇల్లంతా సరిగ్గా ఉందో లేదో చూడటమే దాని పని. మరి అదే ఎందుకు అంత మురికిగా ఉంటుంది?

సాంకేతిక విషయం కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. వడ్డీ లెక్కగట్టే ప్రోగ్రాం ఒకటి ఉందనుకుందాం. 1000 రూపాయల మీద నూటికి 10 చొప్పున ఏడాదికి వడ్డీ ఎంతని అడిగితే అది 100 అని చెప్పాలి. ఈ ప్రశ్నను, రావలసిన జవాబును కలిపి ఇంకో చిన్న ప్రోగ్రాంగా రాసి పెట్టుకుంటే అదే టెస్ట్. వచ్చినదాన్ని రావలసినదానితో పోల్చే వాక్యాన్ని అసర్షన్ అంటారు. రెండూ కలిస్తే తెర మీద ఆకుపచ్చ, కలవకపోతే ఎరుపు. అసలు ప్రోగ్రాంలో ఎవరు ఏ చిన్న మార్పు చేసినా ఈ టెస్టులన్నింటినీ మళ్ళీ నడిపి చూస్తారు. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టన్నమాట. పెద్ద సాఫ్ట్‌వేర్లలో ఇలాంటి టెస్టులు వేలల్లో ఉంటాయి. ఒక్కోసారి అసలు కోడ్ కంటే టెస్ట్ కోడే ఎక్కువ. మెతుకు పట్టే వేళ్ళే మొద్దుబారితే ఏం చెయ్యాలన్నదే ఈ వ్యాసం విషయం.

ఈ కథ యంత్రాలతో మొదలవలేదు. పద్ధెనిమిదో శతాబ్దంలో బ్రిటిష్ నౌకలకు దారి చూపటానికి ‘నాటికల్ అల్మనాక్’ అనే పట్టికల పుస్తకం ఏటేటా వచ్చేది. మొదటిది 1767 సంవత్సరానిది. చంద్రుడు ఏ రోజు ఏ వేళకు ఆకాశంలో ఎక్కడుంటాడో ముందే లెక్కకట్టి అచ్చువేసేవాళ్ళు. నడిసముద్రంలో తానెక్కడున్నాడో నావికుడు దీన్ని చూసే తెలుసుకోవాలి. అంకె తప్పితే ఓడ రాళ్ళకు కొట్టుకుంటుంది. అప్పట్లో కంప్యూటర్ అంటే మనిషే. రాజ ఖగోళ శాస్త్రజ్ఞుడు నెవిల్ మాస్కెలిన్ ఊళ్ళలో ఇళ్ళ దగ్గరుండి లెక్కలు చేసేవాళ్ళకు ఈ పని పంపేవాడు. ఒకే నెల లెక్కను ఇద్దరు విడివిడిగా చెయ్యాలి. ‘కంపేరర్’ అనే మూడో మనిషి రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చాలి. ఇద్దరికీ ఒకే తప్పు ఒకే చోట రావటం అరుదు కాబట్టి తేడా ఉన్నచోట తప్పు బయటపడుతుంది. ఈ రోజు మనం టెస్ట్ అంటున్నదాని ఆలోచనంతా ఇందులోనే ఉంది.

ఆ పద్ధతికి పట్టే చీడ కూడా అప్పుడే బయటపడింది. జోసెఫ్ కీచ్, రూబెన్ రాబిన్స్ అనే ఇద్దరు కంప్యూటర్లు ఒకరి లెక్క ఒకరు చూసి రాసుకుంటున్నట్టు తేలింది. ఇద్దరి అంకెలూ చక్కగా కలిశాయి, కలవక ఏమవుతాయి! వాళ్ళను పనిలోంచి తీసేశారు. ఈ ఇద్దరినీ గుర్తు పెట్టుకోవాలని చదువరులను కోరుతున్నాను, మళ్ళీ వస్తారు.

ఆ కంప్యూటర్లలో లడ్లో అనే ఊళ్ళో ఉండే జాన్ ఎడ్వర్డ్స్ ఒకడు. మతాచార్యుడు, టెలిస్కోపు అద్దాల మీద ప్రయోగాలు చేసేవాడు. పని అతని పేరున వచ్చేది, డబ్బూ అతని పేరునే వచ్చేది. 1784లో అతను చనిపోయాక గానీ ఆ లెక్కల్లో ఎక్కువ భాగం చేస్తూ వచ్చింది భార్య మేరీ అని బయటపడలేదు. పిల్లలతో మిగిలిపోయిన మేరీ, పని తనకే ఇమ్మని అడిగింది. మాస్కెలిన్ ఇచ్చాడు. 1815లో పోయేదాకా ఆమె ఆ పనిలోనే ఉంది. కూతురు ఎలైజా తల్లి దగ్గర నేర్చుకుని తర్వాత కొనసాగించింది. 1832లో ఈ పనంతటినీ లండన్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయం కిందకి తెచ్చారు. ప్రభుత్వోద్యోగంలో ఆడవాళ్ళకు చోటు లేదు. ఎలైజా పని అక్కడితో పోయింది. ఇంట్లో ఉన్నంతకాలం ఆడవాళ్ళ చేతిలో ఉన్న పని, ఆఫీసై, హోదా వచ్చేసరికి మగవాళ్ళదయింది. వంట దగ్గర్నుంచి వైద్యం దాకా మనకు తెలిసిన కథే.

‘మనకు తెలియని మన చరిత్ర’ 1986లో వచ్చినప్పుడు తెలంగాణ సాయుధ పోరాటంలో అన్నం వండి పెట్టినవాళ్ళు, కబుర్లు మోసినవాళ్ళు, దాచిపెట్టినవాళ్ళు మొదటిసారి తమ నోటితో మాట్లాడారు. పోరాటం అంటే తుపాకీ పట్టటమే అనుకున్న చరిత్రకు ఆ పుస్తకం వేసిన ప్రశ్న నన్ను ఈ రంగంలో కూడా వదలలేదు. కంప్యూటర్ అంటే కనిపెట్టినవాడే అనుకునే చరిత్రలో, సరిచూసినవాళ్ళు ఎక్కడున్నారు?

1938లో, ఆర్థికమాంద్యం కాలంలో, న్యూయార్క్‌లో నిరుద్యోగులకు పని కల్పించటానికి ‘మ్యాథమెటికల్ టేబుల్స్ ప్రాజెక్ట్’ మొదలైంది. వచ్చినవాళ్ళలో చాలామందికి కూడికలు, తీసివేతలు దాటి లెక్కలు రావు. దాని గణిత బాధ్యత అంతా గెర్‌ట్రూడ్ బ్లాంచ్‌ది. గణితంలో డాక్టరేట్ ఉన్న స్త్రీ. లెక్క తెలియని మనుషులతో తప్పులేని పట్టికలు చేయించింది. పెద్ద లెక్కను చిన్న చిన్న మెట్లుగా విరిచి కాగితాల మీద గళ్ళు గీసి ఇచ్చేది. ఆ కాగితంలోనే సరిచూసుకునే ఏర్పాటు ఉండేది. పట్టికలో పక్కపక్క అంకెల మధ్య తేడాలు తీసి, ఆ తేడాల మధ్య మళ్ళీ తేడాలు తీస్తే, అంతా సరిగ్గా ఉన్నచోట అంకెలు నెమ్మదిగా ఒక తీరులో సాగుతాయి. తప్పున్నచోట ఉలిక్కిపడతాయి. సరిచూడటమన్నది ఆమెకు పని ముగిశాక తగిలించే తోక కాదు. పనిని విరిచే దశలోనే ఆలోచించుకున్న విషయం.

ఎనియాక్ కథ ఇంకా దగ్గరిది. కే మెక్‌నల్టీ, జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సిస్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్ అనే ఆరుగురు స్త్రీలు ఆ యంత్రానికి ప్రోగ్రాములు రాశారన్నది ఇప్పుడు చాలామందికి తెలుసు. తెలియని సంగతి ఇంకొకటుంది. 1946 ఫిబ్రవరి 15న జరిగే ప్రదర్శన కోసం ఫిరంగి గుండు గమనాన్ని లెక్కించే ప్రోగ్రాంను జీన్, బెట్టీ తయారుచేస్తుంటే, మార్లిన్, రూత్ పక్కన కూర్చుని అదే గమనాన్ని చేత్తో లెక్కగట్టారు. మామూలుగా మనిషి లెక్కగట్టే తీరులో కాదు, యంత్రం ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు వేస్తుందో అచ్చం ఆ వరసలో. యంత్రం ఏ మెట్టు దగ్గర తప్పటడుగు వేసినా ఆ కాగితాలు చూపిస్తాయి. నేటి భాషలో చెప్పాలంటే మార్లిన్, రూత్ టెస్టులు రాశారు. ప్రదర్శనకు ముందురోజు రాత్రి దాకా ఒక తప్పు మిగిలిపోయింది. గుండు నేలకు తగిలాక కూడా లెక్క ఆగకుండా భూమిలోకి వెళ్ళిపోతోంది. బెట్టీ ఇంటికి వెళ్ళి పడుకుని, తెల్లవారి లేచేసరికి ఏ స్విచ్ మార్చాలో ఆమెకు తట్టింది. ప్రదర్శన బ్రహ్మాండంగా జరిగింది. ఆ రాత్రి విందుకు ఆ ఆడవాళ్ళను పిలవలేదు.

(బగ్ అనగానే గ్రేస్ హాపర్, యంత్రంలో దొరికిన చిమ్మట గుర్తుకొస్తాయి. 1947లో హార్వర్డ్ మార్క్ 2లో చిమ్మట దొరికిన మాట నిజమే. బగ్ అన్న మాట మాత్రం అంతకు ఎంతో ముందునుంచే ఇంజనీర్ల నోళ్ళలో ఉంది. ఒక గొప్ప శాస్త్రవేత్తను పురుగు కథ దగ్గర ఆపెయ్యటం నాకు నచ్చదు.)

ఆరుగురి విషయంలో గమనించాల్సింది ఇది. రాసేవాళ్ళు, సరిచూసేవాళ్ళు ఒకే బల్ల దగ్గర, ఒకే హోదాలో ఉన్నారు. తర్వాతి దశాబ్దాల్లో అది విడిపోయింది. 1958లో అమెరికా మెర్క్యురీ అంతరిక్ష ప్రాజెక్టులో జెరాల్డ్ వైన్‌బర్గ్ టెస్టర్లతో ఒక ప్రత్యేక బృందం పెట్టాడు. 1979లో గ్లెన్‌ఫర్డ్ మయర్స్ టెస్టింగ్ మీద రాసిన పుస్తకం, తను రాసిన ప్రోగ్రాంను తానే పరీక్షించుకోవటం మంచిది కాదని చెప్పింది. ఎవరి తప్పు వాళ్ళకు కనబడదు కాబట్టి అందులో న్యాయం ఉంది. కానీ పని విడిపోగానే హోదా కూడా విడిపోయింది. రాసేవాడు సృష్టికర్త, చూసేవాళ్ళు వెనక తుడిచేవాళ్ళు. జీతమూ ఆ వరసలోనే.

ఇదే కాలంలో టెస్టింగ్ గురించి లోతుగా ఆలోచించినవాళ్ళలో స్త్రీలున్నారు. అసలు రావలసిన జవాబేమిటో మనకే తెలియనప్పుడు ప్రోగ్రాంను ఎలా పరీక్షిస్తాం అని 1982లో ఎలేన్ వేయుకర్ అడిగింది. ఆమె చూపిన దారుల్లో ఒకటి, అదే పని చేసే రెండో ప్రోగ్రాంను వేరేగా రాసి రెండింటి జవాబులూ పోల్చటం. మాస్కెలిన్ పద్ధతే తిరిగొచ్చింది. 1993లో మేరీ జీన్ హారల్డ్, రాజీవ్ గుప్తా, మేరీ లూ సోఫా కలిసి, కాలక్రమంలో కుప్పలు పడే టెస్టుల్లో ఏవి తీసేసినా నష్టం లేదో తేల్చే పద్ధతి చెప్పారు. టెస్టుల కుప్ప కూడా ఒక ఇల్లే, దాన్నీ సర్దాలన్న ఆలోచన అందులో ఉంది. ‘వాసన’ అన్న మాట పుస్తకానికి ఎక్కటానికి ఇంకా ఆరేళ్ళుంది.

మన దగ్గరికి వద్దాం. 1998లో సైబర్ టవర్స్ వచ్చాక, అమీర్‌పేట గోడల మీద టెస్టింగ్ టూల్స్ కోర్సుల బోర్డులు వేలాడిన రోజులు చాలామందికి జ్ఞాపకం ఉంటాయి. ఇంజనీరింగ్ అయిన ఆడపిల్లకూ, పిల్లలు పుట్టాక మళ్ళీ ఉద్యోగం వెతుక్కునే ఆవిడకూ ఇంట్లోనూ బయటా ఒకటే సలహా. “టెస్టింగ్ నేర్చుకో. కోడింగ్ అంత కష్టం ఉండదు. ఆడవాళ్ళకు ఓపిక ఎక్కువ కదా!” ఆ ఓపిక అన్న మాట వినగానే నాకు ఒళ్ళు మండేది. బియ్యంలో రాళ్ళు ఏరటం ఓపిక కాదు, రాయికీ గింజకీ తేడా తెలియటం. తేడా తెలియటాన్ని తెలివి అంటే జీతం ఇవ్వాలి, ఓపిక అంటే అక్కర్లేదు.

నేను పదేళ్ళకు పైగా హైదరాబాదులో ఆ పనే చేశాను. అప్పులకు వడ్డీలు, జరిమానాలు లెక్కగట్టే ఒక సాఫ్ట్‌వేర్‌కు టెస్ట్ కోడ్ నా చేతికి వచ్చింది. అది రాసినవాళ్ళెవరూ కంపెనీలో లేరు. దాని గురించి చెప్పాలంటే ముందు 2001 నాటి ఒక వ్యాసం గురించి చెప్పాలి.

కెంట్ బెక్ 1990ల మధ్యలో స్మాల్‌టాక్ భాషకు టెస్టులు రాసుకునే చిన్న చట్రం తయారుచేశాడు. 1997లో జ్యూరిక్ నుంచి అట్లాంటాకు వెళ్ళే విమానంలో ఎరిక్ గామాతో కలిసి జావా భాషకు అలాంటిదే రాశాడు. అదే జేయూనిట్. దాంతో టెస్టులు రాయటం మళ్ళీ కోడ్ రాసేవాళ్ళ చేతికి వచ్చింది, టెస్టులు పుట్టగొడుగుల్లా పెరిగాయి. నాలుగేళ్ళు తిరిగేసరికి కంపు తెలిసొచ్చింది. నెదర్లాండ్స్‌కు చెందిన ఆరీ వాన్ డ్యూర్సెన్, లియోన్ మూనెన్, అలెక్స్ వాన్ డెన్ బెర్గ్, గెరార్డ్ కోక్ 2001లో ఒక సదస్సులో టెస్ట్ కోడ్‌కే ప్రత్యేకమైన పదకొండు వాసనలను, వాటిని పోగొట్టే ఆరు మార్గాలను పేర్లు పెట్టి చెప్పారు.

పదకొండూ ఇక్కడ ఏకరువు పెట్టను. నా చేతికొచ్చిన కోడ్‌లో వాటిలో కొన్ని ఎలా కనిపించాయో చెబుతాను. ఒక టెస్ట్ ఉంది, పేరు చూస్తే అది దేన్ని పరీక్షిస్తుందో తెలియదు. నలభైకి పైగా అసర్షన్లు ఒకదాని కింద ఒకటి. వడ్డీ, జరిమానా, వాయిదా తేదీ, రసీదు నంబరు అన్నీ అందులోనే. ఒకే టెస్ట్ అన్నీ తలకెత్తుకోవటాన్ని ఆ వ్యాసం ‘ఈగర్ టెస్ట్’ అంది. అది ఎర్రబడితే నలభైలో ఏది తప్పిందో తెలియదు, ఏ అసర్షన్‌కూ పక్కన ఒక్క ముక్క వివరణ లేదు. ఇది ‘అసర్షన్ రూలెట్’. చక్రం తిప్పి అదృష్టం చూసుకునే జూదం పేరు. ఆ టెస్ట్ చదివే ఖాతాల వివరాలు టెస్ట్‌లో లేవు, ఎక్కడో వేరే ఫైల్లో ఉన్నాయి. ఆ ఫైల్లో ఏముందో తెలియకుండా జవాబు 1,312 ఎందుకు రావాలో ఎవరికీ అర్థం కాదు. ఇది ‘మిస్టరీ గెస్ట్’, పిలవకుండా వచ్చి కూర్చున్న చుట్టం. ఇద్దరం ఒకేసారి టెస్టులు నడిపితే ఆ ఫైలు కోసం కొట్టుకుని రెండూ ఎర్రబడేవి. దానికీ ‘టెస్ట్ రన్ వార్’ అని పేరుంది. రసీదును అచ్చు రూపంలో అక్షరం అక్షరం పోల్చే టెస్ట్ ఇంకొకటి. ఎవరో కామా తర్వాత ఒక ఖాళీ పెడితే చాలు, ఎరుపు. ఇది ‘సెన్సిటివ్ ఈక్వాలిటీ’.

ఇలాంటి టెస్టులు ఊరికే ఎర్రబడుతుంటే మనుషులు ఏం చేస్తారు? నమ్మటం మానేస్తారు. విడుదల తేదీ దగ్గరపడగానే ఎర్రబడిన టెస్టులకు ముందు రెండు గీతలు పెట్టి మూసేసేవాళ్ళు. విడుదలయ్యాక తెరుద్దామనేవాళ్ళు. తెరిచింది లేదు. 2016లో గూగుల్ తన సంగతే చెప్పుకుంది. వాళ్ళ టెస్టుల్లో దాదాపు 16 శాతం, కోడ్‌లో ఏ మార్పూ లేకుండానే ఒకసారి ఆకుపచ్చ, ఒకసారి ఎరుపు చూపిస్తున్నాయట.

ఆ నలభై అసర్షన్ల టెస్టును విడగొట్టటానికి నాకు దాదాపు మూడు వారాలు పట్టింది, వేరే పనుల మధ్య. ఇందులో ఒక చిక్కు ఉంది. మామూలు కోడ్‌ను శుభ్రం చేసేటప్పుడు కింద టెస్టులు వలలాగా ఉంటాయి. చెయ్యి జారితే ఎర్రబడి చెబుతాయి. టెస్టునే శుభ్రం చేసేటప్పుడు కింద ఏ వలా లేదు. అందుకని కొన్ని కట్టుబాట్లు పెట్టుకోవాలి. టెస్టునూ అసలు కోడ్‌నూ ఒకేసారి ముట్టుకోకూడదు. ముందు ఫైల్లోంచి కావలసిన ఒక్క ఖాతాను టెస్టులోకే తెచ్చుకున్నాను. అసలు ఎంత, వడ్డీ రేటు ఎంత, ఎన్ని రోజులు అన్నవి కళ్ళ ముందే ఉండేలా. తర్వాత ఒక్కో విషయానికి ఒక్కో చిన్న టెస్ట్, దానికి తెలిసే పేరు. ‘వాయిదా రోజే కడితే జరిమానా లేదు’ అన్నట్టుగా. తర్వాత ప్రతిదానికీ ఒక పని. అసలు కోడ్‌లో కావాలని ఒక తప్పు చేసి, టెస్ట్ ఎర్రబడుతుందో లేదో చూసి, తప్పును తీసెయ్యటం. ఎర్రబడని టెస్ట్ చూసే పని చెయ్యటం లేదు, చూస్తున్నట్టు నటిస్తోంది.

అలా విడదీస్తుంటే జరిమానా టెస్టులో రావలసిన జవాబును చేత్తో లెక్కగట్టి చూశాను. కలవలేదు. ప్రోగ్రాం ఒకప్పుడు ఇచ్చిన జవాబునే ఎవరో తీసి, రావలసిన జవాబుగా రాసిపెట్టారు. కీచ్, రాబిన్స్ మళ్ళీ వచ్చారు. పైసలను రూపాయికి సర్దే చోట ప్రోగ్రాం తప్పు చేస్తోంది, టెస్ట్ దాన్నే ఒప్పని రోజూ ఆకుపచ్చగా చెబుతోంది. అప్పు తీసుకున్నవాళ్ళు ఒక్కొక్కరూ చిన్న మొత్తమే ఎక్కువ కట్టి ఉంటారు. చిన్న మొత్తమైనా వాళ్ళదే. ఆ ఏడాది నా పనిని అంచనా కట్టే ఫారంలో ‘ఎన్ని బగ్గులు పట్టారు’ అన్న గడి ఉంది. ‘ఎన్ని టెస్టులు శుభ్రం చేశారు’ అన్న గడి లేదు. మూడు వారాల పనికి ఒక బగ్గు పట్టినట్టు లెక్క. ఇల్లు ఊడ్చిన రోజున ఇల్లు ఎలా ఉందో ఎవరూ చెప్పరు, ఊడవని రోజునే చెబుతారు.

ఆ పేర్ల గురించి ఒక మాట. ‘లేజీ టెస్ట్’, ‘ఈగర్ టెస్ట్’. బద్ధకం, అత్యుత్సాహం. పనిమనిషి గురించి ఇళ్ళల్లో వినపడే ఫిర్యాదుల్లాంటివి. టెస్టుకు బద్ధకం ఎక్కడిది? దాన్ని అరగంటలో రాసి పారెయ్యమన్న గడువుది ఆ వాసన. అంతకంటే నన్ను ఆలోచింపజేసింది ‘ఫర్ టెస్టర్స్ ఓన్లీ’. టెస్టులకు తప్ప ఇంకెవరికీ అవసరం లేని తలుపు అసలు కోడ్‌లో ఉంటే అది వాసన, దాన్ని వేరే చోటికి మార్చాలి అంటుంది వ్యాసం. సాంకేతికంగా సరైన సలహానే, నేనూ పాటించాను. అయినా సరిచూసేవాళ్ళ కోసం ఇంట్లో తలుపు పెట్టటమే ఇంటికి మచ్చ అన్నట్టు వినపడినప్పుడు, పెరటి దారిన రమ్మనే ఇళ్ళు గుర్తుకు రాకమానవు.

2007లో గెరార్డ్ మెస్జారోస్ పెద్ద పుస్తకమే రాసి ఈ జాబితాను విస్తరించాడు. అతను వాసనల్ని కోడ్ దగ్గరే ఆపకుండా, ప్రాజెక్టు నడిచే తీరులో ఉండే వాసనల దాకా తీసుకెళ్ళటం నాకు ముఖ్యమనిపిస్తుంది. తర్వాత లెక్కలు తీసినవాళ్ళు వచ్చారు. గాబ్రియేలే బవోటా బృందం 2015లో ప్రచురించిన అధ్యయనంలో, పరిశీలించిన జేయూనిట్ టెస్టుల్లో 86 శాతంలో కనీసం ఒక్క వాసనైనా ఉంది. వాసనలు లేనప్పుడు కోడ్ అర్థం చేసుకోవటం సగటున 30 శాతం మెరుగ్గా ఉంది. 2016లో మైకేలే టుఫానో బృందం ఇంకో సంగతి చూపింది. ఈ వాసనలు ఏళ్ళ తరబడి నెమ్మదిగా పట్టేవి కావు. టెస్టును మొదటిసారి రాసి పెట్టినరోజే ఎక్కువగా వస్తాయి, వచ్చాక చాలాకాలం అలాగే ఉండిపోతాయి. అంటే ఇది వాడకంలో పట్టే మురికి కాదు. పుట్టుకలోనే దీన్ని రెండో రకం పనిగా చూశారు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టినది 2019లో జూలియన్ డెల్‌ప్లాంక్, స్టెఫాన్ డుకాస్, ఆన్ ఎటియెన్ మొదలైనవాళ్ళు బయటపెట్టిన ‘కుళ్ళిన ఆకుపచ్చ’ టెస్టులు. వాటిలో అసర్షన్ ఉంటుంది, చదివితే కనిపిస్తుంది. నడిపినప్పుడు మాత్రం ఆ వాక్యం దాకా పోనేపోదు. ఖాళీ జాబితా మీద తిరిగే చక్రంలోనో, ఎన్నడూ నిజం కాని షరతు వెనకో అది ఉండిపోతుంది. పోల్చింది లేదు కాబట్టి తేడా లేదు, తేడా లేదు కాబట్టి ఆకుపచ్చ. విచారణ జరపకుండానే ‘ఫిర్యాదులేవీ లేవు’ అని రాసుకునే కమిటీలను మనలో చాలామందిమి చూశాం.

వాసన పట్టే పనిముట్లు కూడా వచ్చాయి. వాటిని గుడ్డిగా నమ్మకూడదని 2022లో అన్నిబాలే పానికెల్లా బృందం చెప్పింది. పనిముట్లు వాసన అన్నవాటిలో చాలా మనిషి చూస్తే వాసన కావు, మనిషికి తెలిసే కొన్నింటిని పనిముట్లు పట్టనే లేవు. జాబితాలో పేరున్నంత మాత్రాన ఏదీ మురికి కాదు. ఇంటిగలావిడకు తెలుసు, పప్పు మరకకూ చమురు మరకకూ ఒకటే సబ్బు పనికిరాదని.

ఇంతలో పని ఎవరిదన్నది మళ్ళీ మారింది. 2010ల మధ్య నుంచి పెద్ద కంపెనీలు ప్రత్యేక టెస్టర్ల ఉద్యోగాలు తగ్గిస్తూ వచ్చాయి. రాసేవాళ్ళే పరీక్షించుకోవాలన్నారు. అంతకుముందు ఓపిక ఎక్కువని ఆ పనిలోకి పంపిన ఆడవాళ్ళకు, ఇప్పుడు కోడింగ్ రాదు కాబట్టి చోటు లేదన్నారు. 1832లో ఎలైజాకు చెప్పిన కారణం వేరు. జరిగింది మాత్రం ఇంచుమించు అదే.

ఇప్పుడు టెస్టులను యంత్రాలే రాస్తున్నాయి. టెస్టులు దానంతటదే పుట్టించే ఎవోసూట్ లాంటి పనిముట్లు పదిహేనేళ్ళుగా ఉన్నాయి. భాషా నమూనాలు వచ్చాక అడిగిన నిమిషంలో యాభై టెస్టులు వస్తున్నాయి, చూడటానికి శుభ్రంగా, పేర్లూ వివరణలతో సహా. కానీ ఎవోసూట్ తరహా పనిముట్టు రావలసిన జవాబును ఎక్కడ నుంచి తెస్తుంది? ప్రోగ్రాంను నడిపి, అది ఇచ్చిన జవాబునే తీసుకుంటుంది. ఇప్పుడున్న తీరు రేపు మారితే పట్టటానికి అది పనికొస్తుంది. ఇప్పుడున్నదే తప్పయితే ఆ తప్పుకు కాపలా కాస్తుంది. భాషా నమూనాకు కూడా కోడ్ చూపించి టెస్టులు రాయమంటే ఆ ప్రమాదం ఉంది, పక్కవాడి కాగితం ముందే ఉంది కదా.

టెస్టులను పరీక్షించటానికి మార్గం లేకపోలేదు. 1971లో విద్యార్థిగా ఉన్నప్పుడు రిచర్డ్ లిప్టన్‌కు వచ్చిన ఆలోచన అది, 1978లో డిమిల్లో, సేవార్డ్‌లతో కలిసి ప్రచురించాడు. మ్యుటేషన్ టెస్టింగ్ అంటారు. నేను చేత్తో చేసిన పనినే యంత్రంతో చేయించటం. కోడ్‌లో ఒక చోట కూడిక గుర్తును తీసివేతగా మార్చి, ఇంకో చోట ‘కంటే ఎక్కువ’ను ‘కంటే తక్కువ’గా మార్చి, వందల తప్పుడు నకళ్ళు తయారుచేసి, ఒక్కోదాని మీదా టెస్టులన్నీ నడుపుతారు. ఎన్నింటికి టెస్టులు అరిచాయి, ఎన్నింటికి నోరుమూసుకుని ఆకుపచ్చగా కూర్చున్నాయి అని లెక్క తీస్తారు. దానికి సమయం పడుతుంది, ఖర్చవుతుంది, అందుకే చాలాచోట్ల చెయ్యరు. అది కూడా కీచ్, రాబిన్స్‌ను పట్టుకోలేదు. కాపీ కొట్టిన జవాబు ఉన్న టెస్ట్, నకలు మారగానే చక్కగా అరుస్తుంది. 1,312 అసలు ఎందుకు రావాలన్నది ఎవరో ఒకరు కాగితం మీద విడిగా లెక్క వేసి చూడాల్సిందే, మార్లిన్, రూత్ వేసినట్టు. ఆ పనికి గంటకు ఎంత ఇస్తారన్నది ఏ కంపెనీ ఫారంలోనూ నాకు ఇంతవరకూ కనపడలేదు.